పెద్ద పుట్టుమచ్చలు: శస్త్రచికిత్స, క్యాన్సర్ భయం

పుట్టుకతో చర్మం మీద కనిపించే మచ్చలు, గడ్డలు చాలా రకాలు. నల్లనివి, ఎర్రనివి, పసుపుపచ్చనివి, చదునుగా ఉండేవి, బుడిపెల్లా పైకి లేచేవి అన్నింటినీ జనం పుట్టుమచ్చ అనే ఒక్క మాటతోనే పిలుస్తారు. తెలుగు రాష్ట్రాల్లో పదో తరగతి పరీక్ష దరఖాస్తులో గుర్తింపు చిహ్నాలుగా రెండు పుట్టుమచ్చలు రాయించడం ఆనవాయితీ. అందుకోసం పిల్లలు చొక్కా చేయి మడిచి, మెడ తడుముకుని వెతికి పట్టుకునే మచ్చల్లో ఎక్కువ భాగం పుట్టిన తర్వాత వచ్చినవే. కడుపులో ఉండగానే ఏర్పడి, కాన్పు రోజునే కంటికి కనిపించే నల్లమచ్చలు నూటికి ఒక్క బిడ్డకే ఉంటాయి. ఈ అధ్యాయం ముఖ్యంగా వాటి గురించి.

మచ్చను వైద్యులు పుట్టిననాటి కొలతతో లెక్కించరు. బిడ్డ పెద్దయ్యాక అది ఎంత అవుతుందో అంచనా కట్టి వర్గీకరిస్తారు. ఒళ్లు పెరిగినకొద్దీ మచ్చ కూడా సాగుతుంది. తల మీది మచ్చ పెద్దయ్యేసరికి దాదాపు రెట్టింపు అవుతుంది. వీపు, పొట్ట, కాళ్ల మీదిది సుమారు మూడింతలు అవుతుంది. ఆ లెక్కన ఒకటిన్నర సెంటీమీటర్ల లోపు ఉండేది చిన్నమచ్చ, 20 సెంటీమీటర్ల లోపు మధ్యరకం, 20 దాటితే పెద్దమచ్చ, 40 దాటితే భారీ మచ్చ. అప్పుడే పుట్టిన బిడ్డ వీపు మీద ఏడు సెంటీమీటర్ల మచ్చ చూడ్డానికి మరీ పెద్దదిగా అనిపించదు. అయినా అది పెద్దమచ్చల లెక్కలోకే వస్తుంది. కొందరు పిల్లలకు నడుము నుంచి తొడల దాకా నల్లటి లాగు తొడిగినట్టు, దట్టమైన వెంట్రుకలతో మచ్చ పరుచుకుని ఉంటుంది. దాని చుట్టూ, ఒళ్లంతా చిన్నచిన్న మచ్చలు పదులు, వందల సంఖ్యలో ఉండవచ్చు.

పెద్దమచ్చలు సుమారు 20,000 కాన్పులకు ఒకటి చొప్పున కనిపిస్తాయి. తెలంగాణలోని వర్గల్ లాంటి ఒక మండలంలో పనిచేసే ఏఎన్‌ఎమ్ తన ఉద్యోగకాలమంతటిలో ఒక్క బిడ్డను కూడా ఇలా చూడకపోవచ్చు. ఒకవేళ చూస్తే ఏం చెప్పాలో ఆమెకు తెలియకపోవడం సహజం. ఆ తెలియనితనంలోకే భయాలు, పుకార్లు ముందుగా చేరతాయి.

వాటిలో అన్నిటికన్నా పాతది గ్రహణం మాట. గ్రహణం వేళ గర్భిణి ఒంటి మీద చెయ్యి పెట్టుకుంటే బిడ్డకు అక్కడ మచ్చ పడుతుందని, కత్తి పట్టుకుంటే మొర్రి వస్తుందని ఊళ్లలో ఇప్పటికీ అంటారు. చివరికి నింద తల్లి మీద పడుతుంది. అసలు కారణం వేరు. చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్లు అనే కణాలు పిండదశలో వెన్ను వెంబడి పుట్టి, తొలి నెలల్లోనే చర్మంలోకి ప్రయాణిస్తాయి. ఆ ప్రయాణానికి ముందో, మధ్యలోనో ఒక్క కణంలో ఒక జన్యువు పొరపాటుగా మారిపోతుంది. ఎక్కువగా అది ఎన్‌రాస్ అనే జన్యువు, కొన్నిసార్లు బీరాఫ్. ఆ ఒక్క కణం నుంచి వచ్చిన సంతతి అంతా ఒకచోట గుంపుగా పేరుకుని మచ్చ అవుతుంది. పొరపాటు ఎంత తొందరగా జరిగితే మచ్చ అంత విస్తరిస్తుందని భావిస్తారు. ఆ మార్పు బిడ్డ ఒంట్లో కొన్ని కణాల్లోనే ఉంటుంది. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చింది కాదు. తల్లి తిన్నదానికీ, చూసినదానికీ, చేసినదానికీ దీనితో సంబంధం లేదు. పెద్దమచ్చ ఉన్న బిడ్డను కన్న తల్లికి వైద్యుడు మొదట చెప్పవలసిన మాట ఇదే.

మరికొన్ని మచ్చలను పెద్దమచ్చతో కలిపేసి భయపడడం తరచుగా జరుగుతుంది. మన పిల్లల్లో చాలామందికి పిరుదుల మీద, నడుము కింద నీలిరంగు మరక ఉంటుంది. దెబ్బ తగిలి కమిలినట్టు కనిపించే ఆ మరక కొన్నేళ్లలో దానంతటదే వెలిసిపోతుంది. దానికి చికిత్స అక్కర్లేదు, ప్రమాదమూ లేదు. పుట్టిన కొన్ని వారాలకు ఎర్రగా పొంగి, స్ట్రాబెర్రీలా కనిపించే రక్తనాళాల గడ్డ మరొకటి. ఏడాదిలోపు పెరిగి, తర్వాత ఏళ్ల మీద కుంచించుకుపోతుంది. అది క్యాన్సర్‌గా మారదు. కంటిరెప్ప మీద, ముక్కు మీద, పెదవి మీద పెరిగితే మాత్రం ఇబ్బంది. ఒకప్పుడు అలాంటి గడ్డలకు కత్తి పెట్టేవారు. ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు 2008లో ఒక సంగతి బయటపెట్టారు. గుండెజబ్బు కోసం ప్రొప్రనొలాల్ ఇచ్చిన పసిపిల్లల్లో ఈ గడ్డలు కరిగిపోవడం వారు చూశారు. అప్పటినుంచి చాలామంది పిల్లలకు ఆపరేషన్ బల్ల తప్పింది.

నల్లని పెద్దమచ్చలకు అలాంటి మందు ఇంకా రాలేదు. వాటిని వెంటాడే భయం మెలనోమా, అంటే రంగు కణాల క్యాన్సర్. ఆ భయం ఎంతవరకు నిజం? పాత వైద్యగ్రంథాల్లో పెద్దమచ్చ ఉన్నవాళ్లలో పదిశాతం మందికి, అంతకుమించి కూడా మెలనోమా వస్తుందని రాశారు. ఆ లెక్కల్లో ఒక లోపం ఉంది. పెద్ద ఆసుపత్రికి వచ్చేవాళ్లంతా అప్పటికే ఏదో తేడా కనిపించినవాళ్లు. మచ్చతో మామూలుగా బతికేస్తూ ఆసుపత్రి గడప తొక్కనివాళ్లు లెక్కలోకే రాలేదు. 2006లో క్రెంగెల్, ఆయన సహచరులు అంతవరకూ వచ్చిన 14 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. అన్ని సైజుల మచ్చలూ కలిపి మొత్తం 6,571 మందిలో 46 మందికి మెలనోమా వచ్చింది. అంటే 0.7 శాతం. భారీ మచ్చలను విడిగా చూస్తే అది మూడు శాతం చుట్టూ ఉంది. చిన్నమచ్చల్లో ముప్పు ఒక శాతంలోపే. అదీ సాధారణంగా యుక్తవయసు దాటాకే వస్తుంది.

మూడు శాతం అంటే నూటికి తొంభై ఏడుగురికి రాదని. ఆ మాట తల్లిదండ్రులకు ఊరట. కానీ పిల్లల్లో మెలనోమా చాలా అరుదైన జబ్బు కాబట్టి, ఆ మూడు శాతం మామూలు పిల్లల ముప్పుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువే. పైగా ఆ సమీక్షలో జబ్బు బయటపడినవారిలో సగం మంది ఏడేళ్లలోపు పిల్లలు. అందువల్ల భారీ మచ్చ ఉన్న బిడ్డ విషయంలో మొదటి పదేళ్లు చాలా ముఖ్యమైనవి.

మచ్చ చర్మానికే పరిమితం కాకపోవడం ఇంకో చిక్కు. అదే జన్యు పొరపాటు ఉన్న కణాలు కొన్ని మెదడు పొరల్లోకి, వెన్నుపాములోకి కూడా చేరి ఉండవచ్చు. ఒంటి మీద భారీ మచ్చ ఉండి, చుట్టూ చిన్నమచ్చలు లెక్కకు మించి ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువ. వాటివల్ల మూర్ఛలు రావచ్చు, తలలో నీరు చేరవచ్చు, ఎదుగుదల మందగించవచ్చు. భారీ మచ్చలున్న పిల్లల్లో వచ్చే మెలనోమాల్లో కొన్ని చర్మంలో కాక మెదడులోనే పుడతాయి. అందుకే ఇలాంటి పిల్లలకు ఆరు నెలలలోపు మెదడు, వెన్నుపాముల ఎమ్మారై తీయించమని నిపుణులు చెబుతారు. ఆ వయసు దాటితే నాడీతంతువుల చుట్టూ కొవ్వు పొర ఏర్పడి, రంగు కణాల గుర్తులు స్కాన్‌లో మరుగున పడిపోతాయి. బిడ్డ బాగానే ఉంది కదా, ఏడాది నిండాక చూద్దాం అని వాయిదా వేస్తే ఆ అవకాశం మళ్లీ రాదు.

ఇక శస్త్రచికిత్స. చాలాకాలం వైద్యుల ఆలోచన సూటిగా ఉండేది: మచ్చలో క్యాన్సర్ రావచ్చు కాబట్టి మచ్చను తీసేస్తే క్యాన్సర్ రాదు. ఇప్పుడు అంత ధీమాగా ఎవరూ చెప్పడం లేదు. పెద్దమచ్చలో రంగు కణాలు పైచర్మంలోనే ఆగవు. కింది కొవ్వులోకి, కండపై పొరలోకి, కొన్నిచోట్ల కండలోకి కూడా దిగి ఉంటాయి. ఒక్క కణం మిగలకుండా తీయడం సాధ్యం కాదు. మెదడులో పుట్టే క్యాన్సర్‌ను చర్మం మీది కత్తి ఆపలేదు. కోయించుకున్నవాళ్లను, కోయించుకోనివాళ్లను పోల్చి తేల్చుదామన్నా చిక్కే, ఎందుకంటే ఎక్కువగా ఆపరేషన్ చేయించుకునేది మచ్చ పెద్దదై ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లే. కనుక తీసిన చర్మం మేరకు ముప్పు కొంత తగ్గవచ్చుగానీ, తీయించుకున్నంత మాత్రాన కాపలా అక్కర్లేదనుకోవడం పొరపాటు.

అలాగని ఆపరేషన్ దండగ అనడం కూడా న్యాయం కాదు. పెద్దమచ్చ మీది చర్మం పొడిబారుతుంది, దురద పెడుతుంది, చిన్న గీతకే చిట్లుతుంది. చెమట సరిగా పట్టదు కాబట్టి తెలంగాణ ఎండల్లో మే నెల ఆ పిల్లలకు నరకం. ముఖం మీద ఉంటే పదిమంది చూపులు, బడిలో వెక్కిరింపులు. గడ్డలు గడ్డలుగా పొంగిన మచ్చలో కొత్త గడ్డ ఎప్పుడు లేచిందో కనిపెట్టడమూ కష్టం. ఇవన్నీ కత్తి పట్టడానికి సరైన కారణాలే. నేటి శస్త్రవైద్యుడు తల్లిదండ్రులతో కూర్చుని తేల్చుకోవలసినవి ఇవే. క్యాన్సర్ పేరు చెప్పి తొందరపెట్టడం సరికాదు.

చిన్నమచ్చను తీయడం తేలిక. కాస్త పెద్దయిన పిల్లాడైతే చుట్టూ మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చి, కంటి ఆకారంలో కోసి, అంచులు దగ్గరకు లాగి కుట్టేస్తారు. ఒక్కసారిలో అంచులు కలవనంత వెడల్పు ఉంటే మధ్యలో కొంత కోసి కుట్టి, చర్మం సడలేదాకా కొన్ని నెలలు ఆగి, మళ్లీ కొంత తీస్తారు. రెండు మూడు విడతల్లో అరచేయంత మచ్చ కూడా ఒక గీతగా మిగులుతుంది. అంతకన్నా పెద్దదైతే తొడ నుంచో పొట్ట నుంచో తీసిన చర్మం అతకాలి. అతికిన చర్మం తరచు చుట్టుపక్కల కన్నా నల్లబడుతుంది, బిగుసుకుంటుంది. మన రంగు చర్మాల్లో గాయం మానాక మచ్చ ఉబ్బి కెలాయిడ్ అయ్యే ధోరణి ఎక్కువ. ఛాతీ మీద, భుజాల మీద ఇది మరీ ఎక్కువ. నల్లమచ్చ పోయి ఉబ్బిన గాటు మిగిలితే కుటుంబం మోసపోయినట్టు బాధపడుతుంది. ఆ సంగతి ముందే, స్పష్టంగా చెప్పాలి.

చర్మాన్ని సాగదీసి వాడుకునే పద్ధతి మాత్రం తల మీది, నుదుటి మీది పెద్దమచ్చలకు గొప్ప మేలు చేసింది. గర్భిణి పొట్ట మీద చర్మం నెలనెలా ఎలా సాగుతుందో అదే సూత్రం. అమెరికాలో న్యూమన్ అనే వైద్యుడు 1957లో చెవి వెనక చర్మం కింద రబ్బరు బెలూన్ పెట్టి, చెవిని తిరిగి తయారుచేయడానికి కావలసిన చర్మం సంపాదించాడు. ఆ ప్రయత్నం మరుగున పడింది. 1970లలో రాడొవాన్ దాన్ని మళ్లీ అందుకుని వాడుకలోకి తెచ్చాడు.

ఆ పని జరిగే తీరు ఇది. మొదటి ఆపరేషన్‌లో మచ్చ పక్కన బాగున్న చర్మం కింద అర చేసి, ఖాళీ సిలికాన్ సంచిని మడిచి లోపల ఉంచుతారు. సంచికి సన్నని గొట్టం, దాని చివర చొక్కా గుండీ అంత పోర్టు. అది కూడా చర్మం కిందే ఉంటుంది. కుట్లు మానడానికి రెండు మూడు వారాలు ఆగుతారు. ఆ తర్వాత వారం వారం సన్నసూదితో ఆ పోర్టులోకి సెలైన్ ఎక్కిస్తారు. నీరు ఎక్కినకొద్దీ పైచర్మం బిగిసి, నిగనిగలాడి, పాలిపోతుంది. నర్సు వేలితో నొక్కి వదులుతుంది. రంగు వెంటనే తిరిగి వస్తే సరే. రాకపోతే రక్తం అందడం లేదని అర్థం, కొంత నీరు వెనక్కి లాగేస్తారు. రెండు మూడు నెలలు గడిచేసరికి పిల్లవాడి తల పక్కన కొబ్బరిచిప్ప బోర్లించినంత ఎత్తు లేస్తుంది. చూసేవాళ్లు కంగారుపడతారు. అప్పుడు రెండో ఆపరేషన్. సంచి తీసేసి, మచ్చను కోసి, సాగిన చర్మాన్ని వెంట్రుకలతో సహా ఆ చోటికి జరిపి కుడతారు. వెంట్రుకల సంఖ్య పెరగదు, కాస్త ఎడంగా సర్దుకుంటాయి, కంటికి తేడా తెలియదు. సంచి దగ్గర చీము పట్టడం, పైచర్మం పలచబడి సంచి బయటపడడం దీనిలోని ప్రమాదాలు. ఆ నెలల్లో ఎరుపెక్కినా, వేడిగా తగిలినా, జ్వరం వచ్చినా తర్వాతి వారం దాకా ఆగకూడదు.

ఈ వైద్యం ఊరికి దూరంగా జరుగుతుంది. వర్గల్ నుంచి సికింద్రాబాద్ సుమారు 50 కిలోమీటర్లు. సెలైన్ ఎక్కించడానికి పది పన్నెండు సార్లు తల్లో తండ్రో బిడ్డను ఎత్తుకుని బస్సెక్కాలి, ఆ రోజు కూలి వదులుకోవాలి. సగంలో మానేసిన సంచి మొదలే పెట్టని సంచికన్నా నష్టం. అందువల్ల కుటుంబం రాగలిగే కాలం చూసుకుని, వ్యవసాయ పనుల ఒత్తిడి లేని నెలలు ఎంచుకుని మొదలుపెట్టడం తెలివైన పని.

ఏ వయసులో చేయించాలి? చర్మం బాగా సాగే పసితనం ఒకవైపు మొగ్గు. మత్తుమందు రెండోవైపు. మూడేళ్లలోపు పిల్లలకు పదేపదే, లేదా మూడు గంటలకు మించి మత్తు ఇస్తే ఎదిగే మెదడుపై ప్రభావం ఉండవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016 డిసెంబరులో హెచ్చరించింది. ఒక్కసారి, కొద్దిసేపు ఇచ్చే మత్తుతో అలాంటి హాని కనిపించలేదు. మత్తు భద్రత చర్చలో హైదరాబాద్‌కు పాత పేరు ఉంది. 1888, 1889లలో ఆరో నిజాం ఖర్చుతో ఎడ్వర్డ్ లారీ నడిపిన క్లోరోఫామ్ కమిషన్లు మత్తులో ఊపిరిని కనిపెట్టి చూడాలని నొక్కిచెప్పాయి. ప్రమాదం గుండెతో మొదలుకాదన్న వారి నిర్ణయం తర్వాత తప్పని తేలింది. నేటి మత్తువైద్యుడు రెండింటినీ క్షణక్షణం చూస్తాడు. ముఖం, తల మీది మచ్చలకు విడతల చికిత్స బడి వయసుకు ముందే ముగియాలన్నది చాలామంది వైద్యుల కోరిక. వర్గల్ గుట్ట మీది విద్యాసరస్వతి గుడిలో పలక పట్టి అక్షరాభ్యాసానికి కూర్చునే వయసు అది. తర్వాత మచ్చ గురించి అడిగేది బయటివాళ్లు కాదు, బిడ్డే.

లేజర్ల మాట కూడా ఒకటి చెప్పాలి. లేజర్‌తో పైరంగు కొంత తగ్గుతుంది, కానీ లోతులోని కణాలు అలాగే ఉంటాయి. రంగు తిరిగి వస్తుంది. మచ్చ మీద ఇంతకన్నా హాని చేసేవి ఊళ్లలో ఉన్నాయి. సున్నం, చాకలిసోడా కలిపిన ముద్ద పెట్టి కాల్చడం, యాసిడ్ చుక్క వేయడం, పులిపిరి అనుకుని గుర్రపు వెంట్రుకతో బిగించి కట్టడం. పులిపిరి వైరస్ వల్ల వచ్చేది, పుట్టుమచ్చ వేరు. కాల్చినచోట మచ్చ సగం పోయి సగం మిగిలితే, అక్కడ తర్వాత వచ్చే మార్పు గాయం వల్లో క్యాన్సర్ వల్లో సూక్ష్మదర్శినిలో చూసే వైద్యుడికి కూడా తేల్చడం కష్టమవుతుంది.

తల మీద కనిపించే మరో పుట్టుమచ్చ గురించి ఇక్కడే చెప్పుకోవాలి. కొమురవెల్లి మల్లన్న దగ్గరో యాదగిరిగుట్టలోనో పుట్టువెంట్రుకలు తీయించినప్పుడు, కొందరు పిల్లల మాడు మీద వెంట్రుకే మొలవని పసుపు–నారింజ రంగు చారిక బయటపడుతుంది. జర్మన్ వైద్యుడు యాడాసోన్ పేరుతో పిలిచే ఈ మచ్చ చర్మంలోని నూనె గ్రంథుల పెరుగుదల. యుక్తవయసులో హార్మోన్ల వల్ల దళసరిగా, పులిపిర్ల గుంపులా తయారవుతుంది. ఇందులో నూటికి పది పదిహేను మందికి క్యాన్సర్ వస్తుందని ఒకప్పుడు నమ్మి, పసితనంలోనే కోసేసేవారు. 2000లో ఫ్రాన్స్‌లో 596 మచ్చలను తిరిగి పరిశీలించినప్పుడు బేసల్ సెల్ క్యాన్సర్ ఒక శాతంలోపే తేలింది. క్యాన్సర్ అని రాసిన వాటిలో చాలావరకు దానిలాగే కనిపించే హానిలేని గడ్డలే. ఇప్పుడు తొందరేమీ లేదు. బిడ్డ పెద్దయ్యాక, అడిగి, ఇష్టమైతే తీయించవచ్చు.

నాడుల గడ్డలు దీనికి భిన్నం. ఒంటి మీద పాలుకలిపిన కాఫీ రంగు మచ్చలు ఆరు, అంతకుమించి, ఒక్కొక్కటి ఐదు మిల్లీమీటర్లు దాటి ఉన్న బిడ్డను న్యూరోఫైబ్రోమటోసిస్ జబ్బు కోసం పరీక్షించాలి. దానిలో పుట్టుకతో వచ్చే తాడులాంటి మెత్తని గడ్డలు నాడులను చుట్టుకుని ఉంటాయి. పూర్తిగా తీయడం కష్టం, రక్తస్రావం ఎక్కువ. ఈ జబ్బున్నవారిలో జీవితకాలంలో దాదాపు పదిమందిలో ఒకరికి నాడీపొరల క్యాన్సర్ వస్తుంది. ఉన్న గడ్డ హఠాత్తుగా గట్టిపడినా, రాత్రుళ్లు నొప్పి పెట్టినా పరీక్ష ఆలస్యం చేయకూడదు.

నల్లని పెద్దమచ్చ విషయంలో కాపలా అంటే ఖరీదైన యంత్రాలు కావు. నెలకోసారి స్నానం చేయించేటప్పుడు తల్లి అరచేత్తో మచ్చంతా తడమాలి. పిల్లల్లో ఈ క్యాన్సర్ రంగు మార్పుకన్నా ముందు లోతులో గట్టి గడ్డగా తగులుతుంది. కొత్త గడ్డ, వారాల్లో పెరిగే గడ్డ, నెత్తురు కారే పుండు, చంకలోనో గజ్జలోనో బిళ్ల కట్టడం ప్రమాద సూచనలు. పసితనంలో లేచే గడ్డల్లో చాలావరకు హానిలేనివే, కానీ ఆ తేడా చెప్పేది చర్మముక్క పరీక్షే. ఆపరేషన్ అయిన గీతను, అతికిన చర్మాన్ని కూడా ఇలాగే తడిమి చూడాలి.

పుట్టుకతో వచ్చే లోపాలను గుర్తించడానికి దేశంలో 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. దాని బృందాలు అంగన్‌వాడీలకు, బడులకు వస్తాయి. ఆ జాబితాలోని తొమ్మిది పుట్టులోపాల్లో మొర్రి, వంకరపాదం, గుండె రంధ్రం ఉన్నాయిగానీ పెద్ద పుట్టుమచ్చ లేదు. కాబట్టి ఎవరో వచ్చి కనిపెడతారని తల్లిదండ్రులు ఎదురుచూడకూడదు. గజ్వేల్ ఆసుపత్రిలోని పిల్లల వైద్యుడికి తామే చూపించి, గాంధీ, ఉస్మానియా, నీలోఫర్ ఆసుపత్రుల్లో ఎక్కడికి వెళ్లాలో చీటీ రాయించుకోవాలి. బిడ్డ ఆరు నెలలలోపు ఉంటే ఎమ్మారై సంగతి ఆ రోజే అడగాలి.

ఆపరేషన్ చేయించే ప్రతి ఒక్కరూ ఇంకొక్కటి అడగాలి. కోసి తీసిన మచ్చ ఎంత చిన్నదైనా చెత్తబుట్టలోకి పోకూడదు. ఫార్మలిన్ సీసాలో పెట్టి, పేరు రాసి, బయాప్సీకి పంపించాలి. ఆ రిపోర్టును బిడ్డ టీకాల కార్డుతో కలిపి భద్రపరచాలి.